నల్లమూతి గొర్రె కార్జం

చనిపోయిన పశువుల కార్జం ముక్కలు దాచిపెట్టడం నా ఉద్యోగం. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు మా అమ్మ ఈ సంగతి కాస్త అందంగా చెప్పేది. "మా పిల్ల జనగామల పశువుల పరిశోధన ల్యాబుల చేస్తది" అనేది. వాళ్లు ఇంకా వివరం అడిగితే అందుకోవడం నా వంతు. ఊపిరితిత్తులు ఎలా కోస్తామో చెబుతుంటే పకోడీ ప్లేటు మీద చేతులు ఆగిపోయేవి. సంబంధం నాకు నచ్చకపోతే పేగుల దాకా వెళ్లేదాన్ని.

ఒక చలికాలంలో దంతాలపల్లి పక్కనున్న పల్లె నుంచి కబురొచ్చింది. ఒక మందలో గొర్రెలు ముక్కు కారుతూ, దగ్గుతూ చనిపోతున్నాయి. అక్కడి పశువుల డాక్టరు చనిపోయిన గొర్రెను కోస్తే, నేను లోపలి భాగాల నుంచి గోరంత ముక్కలు తీసి, మూతలున్న చిన్న గొట్టాల్లో వేసి, ఐసు నింపిన డబ్బాలో పెట్టుకోవాలి. ఐసు కరిగేలోపు జనగామ చేర్చి ఫ్రీజర్‌లో దాచాలి. కొన్నిటిని వెంటనే పరీక్షకు పంపుతాం. మిగతావి అలాగే ఉంటాయి. ముందు ముందు మరో ఊళ్లో ఇలాంటి రోగమే కనిపిస్తే తీసి పోల్చి చూడటానికి.

నేను ముక్కలు తీస్తుంటే మంద యజమాని తల్లి దొడ్డి గోడకు ఆనుకుని నా చేతులనే చూస్తోంది. ముసలావిడే గాని చూపు మాత్రం కత్తి.

"ఏంది బిడ్డా గది?"

"కార్జం ముక్క అవ్వా. పరీక్షకు."

"మమ్ముల తినద్దంటిరి. గుంత తీసి సున్నమేసి పూడ్చుమంటిరి. గిప్పుడు మంచి ముక్కలు మీరు ఏరుకపోతున్నరా?"

"గోరంత ముక్కతోటి కూర ఎట్లయితది అవ్వా?"

"ఊరికో ముక్కయితే కూరెడు గాదా?"

 లెక్కలో తప్పేమీ లేదు. కొడుకు సిగ్గుపడి "ఊకోవే అవ్వా" అన్నాడు.

"ఊకోను. నేనుగూడ జనగామ వోత. యాడ వెడ్తదో నా కండ్లతోని చూస్త. ఆడోళ్లకు బస్సు ఫ్రీయే గద" అంటూ లోపలికి పోయి మంచి చీర కట్టుకుని వచ్చింది.

బస్సులో డబ్బాను నా చేతికి ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. తొర్రూరులో బస్సు మారాక కండక్టరు "అవ్వా, డబ్బల ఏమున్నది?" అని అడిగాడు.

"నా గొర్రె కార్జం."

బస్సంతా మా వైపు తిరిగింది. వెనక సీటాయన ముందుకు వంగి "కిలో ఎట్లిస్తవ్?" అన్నాడు.

"అమ్మేది గాదు. సర్కారోళ్లు దాసుకుంటరట. ఎందుకో గీ డాక్టరమ్మను అడుగు."

నేను డాక్టరును కాదు, టెక్నీషియన్ని. అయితే కాదని చెప్పడానికి నేనేమీ తొందరపడలేదు. దాంతో జనగామ దాకా వైద్యం చేయాల్సి వచ్చింది. ఒకామె కోడి గుడ్లు పెట్టడం మానేసిందంది. ఇంకొకామె తన భర్త మోకాళ్ల నొప్పుల సంగతి ఎత్తుకుంది.

"నాలుగు కాళ్లోళ్లనే చూస్త అక్కా" అన్నాను.

"గాయిన గుణం గట్లనే ఉంటది, చూసుకో" అంది. బస్సంతా ఘొల్లున నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు. డబ్బా మీదనుంచి చెయ్యీ తీయలేదు.

మా ల్యాబులో ముందు గదిలో ఒక చిన్న ఫ్రిజ్ ఉంది. అది మా అన్నం క్యారేజీల కోసం. అసలు ఫ్రీజర్ లోపలి గదిలో ఉంటుంది. నేను చెప్పులు విడిచి కోటు వేసుకునేలోపే అవ్వ డబ్బాను చంకన పెట్టుకుని చిన్న ఫ్రిజ్ తెరిచింది. స్టీలు గిన్నె తీసింది. మూత తీసింది. అందులో కార్జం వేపుడు.

"దొరికింది!"

ఆ కేకకు మా పెద్ద డాక్టరు గారు బయటికి పరుగెత్తుకొచ్చారు. ఆయన కోస్తా నుంచి కొత్తగా వచ్చారు. మా మాట ఆయనకింకా సగమే అర్థమవుతుంది.

"అయ్యో, అది మా ఆవిడ పెట్టిన క్యారేజీ అండీ!"

"ఎవలి గొర్రెది?"

"గొర్రె కాదండీ, మేక. బజార్లో కొన్నాం."

"దొరికినంక అందరు గట్లనే అంటరు."

ఆయన దిక్కుతోచక నా వైపు చూశారు. నేను వెంటనే సర్ది చెప్పి ఉండొచ్చు. కానీ నెమ్మదిగా మంచినీళ్లు తాగి, "చచ్చిన గొర్రెల్ని మీరు ఇంటికి పట్టుకెళ్లి వండించుకుంటున్నారా అని అడుగుతోంది సార్" అని పద్ధతిగా అనువదించాను. పాపం, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "కావాలంటే తిని చూడండమ్మా" అన్నారు.

అవ్వ ఒక ముక్క తింది. తేల్చుకోలేక ఇంకొకటి తింది. కుర్చీలో కూర్చుని మూడోది తీసుకుంటుంటే నేనే కల్పించుకున్నాను. "అవ్వా, నీ గొర్రె నీ చంకలనే ఉన్నది గద!"

డబ్బా వైపు చూసుకుంది. ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అవును, మాది కాదు. మసాల జర ఎక్కువైంది" అని గిన్నె ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు.

తర్వాత లోపలి గదికి తీసుకెళ్లాను. ఫ్రీజర్ తలుపు తీయగానే తెల్లని పొగ బుసబుసమంటూ కాళ్ల మీదికి దిగింది. అవ్వ చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనక్కి జరిగింది. అరల్లో ఉన్న పెట్టెల్ని చూపించాను. ఇవి మహదేవపూర్ బర్రెలవి అనగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆటి పక్కన పెట్టకు. మా చెల్లెను గా దిక్కే ఇచ్చినం. ఆళ్లకు అన్నిటికి కొట్లాటే."

సరేనని కింది అరలో చోటు చేశాను. గొట్టం మీద నంబరు రాస్తుంటే ఆమె దగ్గరికి వంగింది.

"తల్లి సస్తే సీసపాలు తాపి సాకిన దాన్ని. నల్లమూతిది. గింత చలిల దానికి చలి వెట్టదా బిడ్డా?"

 "వెట్టదవ్వా" అన్నాను. ఆమె అడగకుండానే నంబరు కింద 'నల్లమూతిది' అని రాసి చూపించాను. చదువు రాకపోయినా ఆ అక్షరాల్ని చాలాసేపు చూసింది.

పరీక్షలో అది ఏ రోగమో తేలింది. దగ్గే గొర్రెల్ని వేరుచేయించి, మిగతా వాటికి, చుట్టుపక్కల మందలకు టీకాలు వేయించాం. అవ్వ మందలో చాలావరకు బతికాయి. టీకాల రోజున నేను వెళ్లేసరికి ఆమె పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని ఫ్రీజర్ గురించి చెబుతోంది. అప్పటికి అది ఇల్లంత అయింది. అందులో చెయ్యి పెడితే పుల్లలా విరుగుతుందట. ఏది పెట్టినా ఏండ్లకేండ్లు కుళ్లదట. నేను ఏదీ కాదనలేదు.

మధ్యాహ్నం డబ్బా సర్దుకుని బయల్దేరుతుంటే ఒక పెద్దాయన అడ్డమొచ్చి పాలిథిన్ సంచి చేతిలో పెట్టాడు. అందులో శుభ్రంగా కోసి, కడిగిన నాటుకోడి.

"అల్లుడు అయితారం వస్తడు బిడ్డా. గప్పటిదాంక నీ ఫ్రీజర్ల వెట్టు."