చర్చి బెంచీ తుపాకీ

బాలత్రిపురసుందరికి చిన్నప్పటినుంచీ ఇనుముతో చనువు. విజయవాడ ఆటోనగర్‌లో వాళ్ళ నాన్నకు లేత్ మిషన్ షెడ్డు ఉండేది. లారీలకు బుష్‌లు, పిన్నులు తిప్పేవాళ్ళు. అన్నయ్యకు ఆ చప్పుడు పడదు. ఇంట్లో కూర్చుని బ్యాంకు పరీక్షలకు చదువుకునేవాడు. షెడ్డులో మనిషి తక్కువైన రోజున నాన్న ఈమెను పిలిచేవాడు. పదహారేళ్ళకే పిన్నును చేత్తో తడిమి ఎంత లావుందో చెప్పేసేది. పెళ్ళిచూపుల్లో వంట వచ్చా అని అడిగితే, "వచ్చు. థ్రెడ్డింగ్ ఇంకా బాగా వచ్చు" అంది. పెళ్ళికొడుకు చక్రధర్ కంప్యూటర్ ఇంజినీరు. ఇనుముకు మరలు కోయడమని తెలియక, అదేదో కుట్టుపని అనుకుని ఒప్పుకున్నాడు.

కెనడాలోని సస్కటూన్ వచ్చాక ఆమె వ్యవసాయ యంత్రాలు చేసే ఒక ఫ్యాక్టరీలో మెషినిస్టుగా చేరింది. ఎనిమిదేళ్ళు బాగానే గడిచాయి. తర్వాత కంప్యూటరుతో నడిచే కొత్త మిషన్లు వచ్చాయి. ఆమెను తనిఖీ విభాగంలో వేశారు. తెల్లకోటు ఇచ్చారు, జీతం పెంచారు. ఇక ఇతరులు చేసిన ముక్కలు కొలవడమే ఆమె పని. ఏడాది తిరక్కుండా ఒక రైతు సామాన్ల వేలంలో పాత లేత్ మిషన్ కొనుక్కొచ్చి ఇంటి గ్యారేజీలో పెట్టుకుంది. ఆనాటినుంచి లేత్ లోపల, కారు బయట. మైనస్ ముప్పై అయిదు డిగ్రీల చలిలో చక్రధర్ పొద్దున్నే, ఇంజను గడ్డకట్టకుండా కారుకు తగిలించిన కరెంటు తీగ ఊడదీసి, గ్యారేజీ వంక ఒకసారి చూసి, ఆఫీసుకు వెళ్ళేవాడు. 

2023 జనవరిలో ఒక శనివారం గార్డన్ ఫ్రీసెన్ వచ్చాడు. ఆమె చేరిన కొత్తలో ఫోర్‌మన్, ఇప్పుడు రిటైరై డెబ్భై ఒకటికి వచ్చాడు. పొడుగాటి మనిషి, పొట్టి మాటలు. పాత దుప్పటిలో చుట్టిన తుపాకీని బల్లమీద పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి రైఫిలు. గొట్టం లోపల తుప్పు తినేసింది, కర్ర రెండుగా చీలింది. మధ్యలో ఉన్న ఉక్కు భాగం మాత్రం నిన్న పోతపోసినట్టుంది.

"దీనికి పెద్ద గొట్టం వేయాలి బాలా," అన్నాడు. "నలభై అయిదు క్యాలిబర్. మూస్ వేటకి."

మూస్ అంటే మన దుప్పికి పెద్దన్న. గుర్రమంత ఎత్తు, దున్నపోతంత బరువు.

"షాపులో కొనుక్కోవచ్చుగా?"

"మూడు వేల డాలర్లు అడుగుతున్నారు. నేను ఆరువందల్లో తేల్చాలనుకున్నా."

సుందరి అతని చేతుల్ని చూసింది. దుప్పటి మడత పెడుతుంటే రెండూ వణుకుతున్నాయి. ఒకప్పుడు ఆ చేతులే ఆమెకు ఫ్యాక్టరీలో కొలతలు చూసే గేజ్ మొదటిసారి పట్టుకోవడం చూపించాయి. అందుకే మిగతావేవీ అడగలేదు.

"లైసెన్సు లేకుండా ముట్టుకోను," అంది.

"నా లైసెన్సుంది. నేను పక్కన నిలబడితే చాలు, తప్పులేదు."

"అరువు లైసెన్సుమీద నేను పని చేయను."

తుపాకీ లైసెన్సు కోసం వారాంతపు క్లాసుకు వెళ్ళింది. అక్కడ ఆమెకన్నా పెద్దవాడు పాఠం చెప్పేవాడొక్కడే. పరీక్షలో తొంభై ఎనిమిది వచ్చాయి. తక్కిన రెండూ ఎక్కడ పోయాయో చెప్పేదాకా ఆయన్ను కదలనివ్వలేదు. తర్వాత అప్లికేషన్ వచ్చింది. దానిమీద భర్త సంతకం కావాలి. చక్రధర్ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

"సుందరీ, నీవల్ల నాకేమైనా భయాలుంటే ఈ నంబరుకు ఫోన్ చేయమన్నారు."

"ఉన్నాయా?"

"తుపాకీ సంగతా, మామూలుగానా?"

"తుపాకీ సంగతే రాయండి."

"అయితే లేవు," అని సంతకం పెట్టాడు.

అంతటితో ఊరుకోలేదు. గుండు దెబ్బకు పదివేల జౌల్స్ శక్తి దాటిన తుపాకీలన్నీ దేశంలో నిషేధమని ఎక్కడో చదివాడు. ఒక సాయంత్రమంతా ఎక్సెల్‌లో లెక్క కట్టి, "నాలుగు వేల చిల్లర. సగం కూడా లేదు" అని ప్రింటు తీసి, ఇంటి ఇన్సూరెన్స్ కాగితాలతో కలిపి ఫైలు చేశాడు. ఆ ఇంట్లో ప్రేమ ఎక్కువగా ఫైళ్ళలోనే ఉండేది.

ఆ రోజుల్లో ఊళ్ళో ఎటు చూసినా మన పిల్లలే. యూనివర్సిటీ బస్సు ఎక్కితే ముందు సీట్లో జగిత్యాల మాట, వెనక సీట్లో గుంటూరు మాట. అద్దెకు గదులు దొరకడం కష్టంగా ఉండేది. సుందరి వాళ్ళ బేస్‌మెంట్ ఇద్దరికని ఇస్తే నలుగురు చేరారు. వాళ్ళకు పెద్దదిక్కు రేవంత్, మాస్టర్స్ చదువుతూ సాయంత్రాలు కాఫీ షాపులో పని చేసేవాడు. లైసెన్సు వచ్చేలోపు సుందరి ఆ పనికి కావలసిన పనిముట్లు తిప్పుకుంటోంది. ఒకరోజు రేవంత్ మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆంటీ, ఏమనుకోకుంటే ఒకటి అడుగుతా. శనివారం శనివారం గ్యారేజ్‌ల సప్పుడైతుంది. ఏం చేస్తున్రు?"

"తుపాకీ."

రేవంత్ ఒక మెట్టు కిందికి వేశాడు. "ఓకే ఆంటీ," అని దిగిపోయాడు.

ఆ సాయంత్రంనుంచీ బేస్‌మెంట్ సింకులో ఒక్క గిన్నె మిగల్లేదు. చెత్తడబ్బా చెప్పకుండానే రోడ్డుమీదికి వెళ్ళేది. ఊళ్ళో తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి ఏ రూపంలో తిరిగిందో సుందరికి తెలియదు కానీ, గుళ్ళో ముక్కూమొహం తెలియని పిల్లలు లేచి ఆమెకు కుర్చీ ఇవ్వసాగారు. చక్రధర్ అపోహ తొలగిద్దామన్నాడు. సుందరి, "మంచు కరిగాక చూద్దాం" అంది. అప్పటికి ఇంటిముందు దారిమీద మంచు కూడా వాళ్ళే తీస్తున్నారు.

లైసెన్సు మే నెలలో వచ్చింది. గొట్టం గార్డన్ ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. లేత్‌మీద దాన్ని ఎక్కించి మొదటి చుట్టు తీసినప్పుడు ఉక్కు తీగ నీలంగా మెలిక తిరిగి ఊడిపడింది. సుందరి మిషన్ ఆపేసి ఆ తీగను చల్లారేదాకా చూస్తూ కూర్చుంది. పదేళ్ళు ఇతరుల ముక్కలు కొలిచిన మనిషి. ఇది మాత్రం తనది.

ఉక్కు పని ఆరు శనివారాల్లో ముగిసింది. ఊళ్ళో తుపాకీలు బాగుచేసే లైసెన్సున్న మనిషికి చూపిస్తే, గేజులు పెట్టి చూసి, ఎవరు చేశారని అడిగాడు. గార్డన్ సుందరిని వేలితో చూపించాడు. అతను మళ్ళీ గేజులు పెట్టి చూశాడు.

కర్ర దగ్గర బడ్జెట్ చాల్లేదు. మంచి వాల్‌నట్ కర్రకే నాలుగొందలు. గార్డన్ వాళ్ళ పల్లెలో జనం తగ్గి చర్చి మూతపడింది. అందులో బెంచీలు తలా ఒకటి పట్టుకుపోతుంటే అతనూ ఒకటి తెచ్చాడు. గట్టి ఓక్. పలకలు రెండు అతికించి సుందరి చెక్కింది. బుజం దగ్గర మెత్తకు చక్రధర్ పాత స్నోబూటు మడమ కోసి బిగించింది. బూటు పాతదైందని చక్రధర్‌కు అప్పుడే తెలిసింది.

"ఈ బెంచీమీద మా అమ్మమ్మ నలభై ఏళ్ళు కూర్చుంది," అన్నాడు గార్డన్.

"ఏమైనా అనేవారా?"

"చలిగా ఉందనేది."

ఆగస్టు చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం గార్డన్ పొలానికి వెళ్ళారు. వెనకాల కంకర తవ్విన గుంట ఉంది, ఎదురుగా ఇరవై అడుగుల మట్టిగోడ. మొదటిసారి చేత్తో పట్టుకుని పేల్చకూడదని సుందరి పంతం. తుపాకీని ట్రాక్టరు టైరుకు కట్టి, ట్రిగ్గరుకు తాడు కట్టి, ఇద్దరూ ట్రక్కు వెనక కూర్చున్నారు. చక్రధర్ ఇంకా వెనక, కారులో, ప్రథమ చికిత్స పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సుందరి తాడు లాగింది. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా లాగింది. టైరు కాస్త కదిలింది. అయిదు నిమిషాలు ఆగి దగ్గరికి వెళ్ళి చూస్తే, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి ఉంది.

"ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు గార్డన్. "జాగ్రత్తకి."

రెండోసారి లాగితే ఆకాశం చిరిగినట్టయింది. మట్టిగోడలోంచి బక్కెట్టంత మట్టి లేచింది. సుందరి పేలిన తూటా తొడుగు తీసి, ఉబ్బిందేమోనని మైక్రోమీటరుతో కొలిచి, చీటీమీద రాసుకుంది. అలా అయిదుసార్లు. అయిదూ ఒకే కొలత. అప్పుడు తుపాకీని బుజానికి ఆనించింది.

ఆటోనగర్‌లో ఒకసారి లారీ తలుపు తెరుచుకుని ఆమెకు తగిలింది. పేల్చగానే బుజానికి తగిలిన దెబ్బా దాదాపు అలాగే ఉంది. మూడు పేల్చి, యాభై మీటర్ల దూరంలో ఉన్న అట్ట దగ్గరికి నడిచారు. మూడు కన్నాలూ మూడు వైపులా, అన్నం పళ్ళెమంత ఎడంగా ఉన్నాయి.

"బుజం కొత్త కదా," అన్నాడు గార్డన్.

సుందరి అతన్ని పేల్చమంది. అతను మూటమీద ఆనించి పేల్చాడు. అవీ చెల్లాచెదురే.

 ఇంటికి రాగానే సుందరి సూపర్‌మార్కెట్ కరపత్రం సన్నగా కత్తిరించి, గొట్టానికీ కర్రకూ మధ్య దూర్చి లాగింది. సాఫీగా జరిగి, ఒకచోట కుడివైపున చిక్కుకుంది. కర్ర అక్కడ గొట్టాన్ని నొక్కుతోంది. గార్డన్‌కు ఫోన్ చేసింది.

"తప్పు ఉక్కులో లేదు. కర్రలో ఉంది."

"కర్ర ఎవరు చెక్కారు?"

"నేనే."

 "మా అమ్మమ్మ కూడా ఆ బెంచీలో కుడివైపే ఇబ్బందిగా ఉండేదనేది," అన్నాడు. అది ఓదార్పని సుందరికి తర్వాత అర్థమైంది.

వారంరోజులు గీకింది, కాగితం దూర్చింది, మళ్ళీ గీకింది. మరుసటి ఆదివారం అట్టమీద మూడు కన్నాలు ఒక ఊరగాయ సీసా మూతకింద పట్టాయి. గార్డన్ మూత పెట్టి చూశాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. తర్వాత టోపీ సర్దుకుని ట్రక్కు దగ్గరికి వెళ్ళి చాలాసేపు తాడు చుట్టాడు. సుందరి బుజం అప్పటికి వంకాయ రంగులో ఉంది. ఆమెకు నొప్పి తెలియలేదు. తెలిసింది మర్నాడు, తెల్లకోటు తొడుక్కునేటప్పుడు.

ఆ ఏడు మూస్ వేటకు అనుమతులిచ్చే లాటరీలో గార్డన్ పేరు వచ్చింది. అక్టోబరులో మేనల్లుడితో ఉత్తరాది అడవులకు వెళ్ళాడు. అయిదోరోజు మధ్యాహ్నం, సుందరి ఫ్యాక్టరీలో గేజులు తుడుస్తుంటే ఫోన్ వచ్చింది.

"పడింది," అన్నాడు.

సుందరి పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని మనిషి. అభినందించాలో జాలిపడాలో తెలియలేదు. ఆర్నెల్లుగా తను చేస్తున్నది దేనికో ఆమెకు తెలియక కాదు. ఆ ఒక్క మాట విన్నాక, తుడిచిన గేజునే మళ్ళీ తుడిచింది.

"రెండో గుండు కావాల్సొచ్చిందా?" అని అడిగింది.

"లేదు. దానికి చప్పుడు కూడా వినపడి ఉండదు. పడిపోయిన దుంగమీద ఆనించా. చెయ్యి వణికింది, తుపాకీ వణకలేదు."

ఆమె గేజు కింద పెట్టి, ఊపిరి వదిలింది. "సరే అయితే," అంది.

వారానికి గార్డన్ తెల్లకాగితంలో చుట్టిన పది కిలోల మాంసం తెచ్చి ఆమె వంటింటి బల్లమీద పెట్టాడు. ఆమె పనికి అదే అతని చెల్లింపు. వద్దనడం మర్యాద కాదు, ఉంచుకోవడం కుదరదు. చక్రధర్ మెట్ల దగ్గర నిలబడి రేవంత్‌ను పిలిచాడు.

"వేట మాంసమా అంకుల్?" అన్నాడు రేవంత్. నెలల తరబడి కాఫీ షాపులో మిగిలిన బన్నులు తిన్న గొంతు అది.

బేస్‌మెంట్‌లో కుక్కర్ పదకొండు విజిల్స్ వేసింది. పైన సుందరి మైనస్ నాలుగులో కిటికీలన్నీ తెరిచి, శాలువా కప్పుకుని కూర్చుంది. కాసేపటికి రేవంత్ మూతపెట్టిన స్టీలు డబ్బాతో వచ్చాడు.

"ఆంటీ, ఇది ఆ గార్డన్ సార్‌కి. కారం కొంచెం తక్కువనే ఏసినం."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుని డబ్బా అందుకుని, కారులో కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకెళ్ళింది. గార్డన్ బ్రెడ్డు ముంచుకుని తిన్నాడు. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. రెండు గ్లాసుల పాలు తాగి, డబ్బా అడుగు బ్రెడ్డుముక్కతో తుడిచాడు.

"ముప్పై ఏళ్ళుగా ఉడకబెట్టుకుని ఉప్పేసుకుని తిన్నాను," అన్నాడు. "నాకెవరూ చెప్పలేదు."

సుందరి డబ్బా కడిగి మూత పెట్టుకుంది. ఆ వంట నేర్పడానికి వచ్చే శనివారం రేవంత్‌ను వెంటబెట్టుకు రమ్మని గార్డన్ అడిగాడు. తీసుకొస్తానంది.