వారమంతా ఆదివారాలే

మా అమ్మకు పడుకోవడం చేతకాదు. పెద్దాపురం దగ్గర మా పల్లెలో, పొలం పనులు లేనప్పుడు ఆసాముల ఇళ్ళకు వడ్లు దంచిపెట్టేది. అరవై దాటినా రోకలి వదల్లేదు. గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేని రోజులవి. నేను మిషన్ బడిలో పంతులమ్మను. అబద్ధమాడిన పిల్లలతో గోడకుర్చీ వేయించే రకాన్ని.

ఒక వేసవిలో అమ్మకు జ్వరం వచ్చి, పది రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. జ్వరం తగ్గాక కాళ్ళు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

"మందు కన్నా విశ్రాంతే ముఖ్యమండి. ఒక నెల రోకలి పట్టుకోనివ్వకండి, గుండె తట్టుకోదు" అన్నారు రాజమండ్రి నుంచి వచ్చిన డాక్టరమ్మగారు.

అమ్మ వింటేనా! రెండో రోజుకే గోడ పట్టుకుని లేచి రోకలి వెతుక్కుంటోంది. కసిరాను, రోకలి దాచాను, లాభం లేకపోయింది. మా పేటలోని క్రైస్తవులందరిలాగే, ఒక్క ఆదివారం మాత్రం దేవుడి ఆజ్ఞ అని పని ముట్టుకునేది కాదు. జ్వరంలో రోజుల లెక్క తప్పింది కదా అని నాకో కొంటె ఆలోచన వచ్చింది. మర్నాడు తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని, "అమ్మా, ఇవాళ ఆదివారం" అన్నాను. నిజానికి మంగళవారం. పాదిరిగారు మా పల్లెకు నెలకోసారే వచ్చేవారు కనుక చర్చి గంట బెడద లేదు.

అమ్మ వెళ్ళి మంచం ఎక్కింది. కీర్తన సగంలో ఉండగానే నిద్రపోయింది. మర్నాడూ ఆదివారమే అన్నాను. నిలదీస్తుందేమోనని హడలిపోయాను గానీ అడగలేదు. జ్వరం మతిని తినేసిందనుకున్నాను. బడికి సెలవులు కాబట్టి నా ఆట సాగింది.

రెండు వారాలకు కాళ్ళ వాపు తీసింది. అన్నం సయించింది. మధ్యాహ్నాలు అరుగు మీద ఏమీ చేయకుండా, ఊరికే కళ్ళు మూసుకుని ఉండేది. నెల తిరిగేసరికి ఆయాసం లేకుండా బావి దాకా వెళ్ళి వచ్చింది. ఆ రోజు దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో! ఆ విశ్రాంతి పుణ్యమా అని అమ్మ నాకు ఇంకా ఏడేళ్ళు దక్కింది.

అబద్ధం మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఒకరోజు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఒప్పేసుకున్నాను. అమ్మ నవ్వింది.

"నాకు చెవుల్లేవేంటే? చుట్టూ అన్నిళ్ళల్లో వడ్లు దంచుతుంటే ఆదివారం ఎలాగవుద్ది?"

"మరి తెలిసీ ఎందుకు పడుకున్నావమ్మా?"

"ఇంకా చీకటుండగానే తెల్లారిపోయిందని అబద్ధమాడి నన్ను లేపినోళ్ళే అందరూ. పడుకోబెట్టడానికి అబద్ధమాడింది నువ్వొక్కదానివే. కాదనబుద్ధి కాలేదు."