ఫీలైతరు బిడ్డా

జవహర్ బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. తన వల్ల ఈ భూమ్మీద ఎవరూ ఫీల్ కాకూడదు.

సూర్యాపేట బస్టాండు దగ్గర ఎదురెదురుగా రెండు టీ కొట్లున్నాయి. ఒకటి వెంకన్నది, ఒకటి గోప్యాది. వెంకన్న దగ్గర తాగితే గోప్యా ఫీలవుతాడు, గోప్యా దగ్గర తాగితే వెంకన్న ఫీలవుతాడు. అందుకని బాబాయి పాతికేళ్లుగా రెండు చోట్లా తాగుతున్నాడు. షుగరొచ్చింది, టీ తగ్గించమని డాక్టరు చెబితే, "ఎవరి కొట్ల తగ్గియ్యాలె సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు డాక్టరు దగ్గర మందు లేదు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసినన్నాళ్లూ ఇదే వరస. ఒకసారి దారిలో దిగాల్సిన ముసలాయన నిద్రలో కోదాడ దాకా వెళ్లిపోయాడు. డిపోలో సంజాయిషీ అడిగితే, "మంచి నిద్రల ఉండె సార్, లేపితే ఫీలైతడని" అని రాసిచ్చాడు. పెళ్లి సంగతీ అంతే. ఒకే వారంలో కోదాడలో ఒక పిల్లను, అనంతగిరిలో ఒక పిల్లను చూశాడు. ఇద్దరూ నచ్చారు. ఒకరికి ఊ అంటే రెండో ఆమె ఫీలవుతుంది. ఆ ఇద్దరికీ ఇప్పుడు మనుమలు కూడా పుట్టారు, బాబాయి మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఆయన అన్న సత్యనారాయణ కూతురు సింధూజ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఒకరోజు బాబాయిని బాగుచేద్దామని కూర్చోబెట్టింది.

"బాబాయ్, ఫీల్ అంటే బాధపడుడు ఒక్కటే కాదు. సంతోషపడినా ఫీలే. సల్లగాలి తగిలినా ఫీలే. జొరమొచ్చినట్టు అనిపించినా ఫీలే."

"ఇంగ్లండ్ల అయితది బిడ్డా. మన సూర్యాపేటల ఎవడన్న సంతోషమై 'నేను ఫీలైన' అన్నడా?"

సింధూజ ఎంత వెతికినా ఒక్కడూ తగల్లేదు. పిలవకపోతే ఫీలయినవాళ్లున్నారు, పిలిచి పలకరించకపోతే ఫీలయినవాళ్లున్నారు, ఫోటోలోకి రమ్మననందుకు భోజనం మానేసి పోయినవాళ్లున్నారు. ఆ మాట మిగతా అర్థాలన్నీ ఓడలోనే వదిలేసి, నొచ్చుకోవడం ఒక్కటే సంచిలో వేసుకుని మన దగ్గర దిగినట్టుంది.

నిజానికి ఆ మాట వల్ల ఎక్కువ నష్టపోయింది సింధూజే. మిర్యాలగూడలో ఆమె మేనత్త ఎల్లమ్మ ఉంది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచేవి. పక్కనే రైసు మిల్లు. ఉడికిన వడ్ల వాసనతో తెల్లారేది. అత్త వాకిట్లో కూర్చోబెట్టుకుని తలకు ఇంత ఆముదం పెట్టి, కళ్లు పైకి లాగేసేటంత బిగించి రెండు జడలు వేసేది. ఆ జడలు ఎంత నొప్పి పుట్టేవో, ఇప్పుడు తలుచుకుంటే అంత హాయిగా ఉంటుంది సింధూజకు.

తొమ్మిదేళ్ల కింద సింధూజ అన్న ప్రవీణ్ పెళ్లికి అత్తను వాట్సాప్‌లో పిలిచారు. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదని ఆమె రాలేదు. సొంత చెల్లెలై ఉండి రాలేదని సత్యనారాయణ అలిగాడు. అంతే, మాటలు ఖతం. పిలుపుల లెక్క చూసే జవహర్ ఆ వారమంతా కామెర్లతో దవాఖానలో ఉన్నాడు. లేకపోతే ఇంత జరగనిచ్చేవాడా?

ఇప్పుడు సింధూజ పెళ్లి కుదిరింది. వాళ్లింట్లో పెళ్లికూతురికి మొదటి పసుపు మేనత్తే పెట్టాలి. సింధూజకు ఆ చెయ్యే కావాలి.

"నేను పోను. అప్పుడు పిలిస్తె వచ్చిందా?" అన్నాడు సత్యనారాయణ.

కార్డులు, కుంకుమ భరిణె పట్టుకుని బాబాయీ సింధూజా బయల్దేరారు. కోదాడలో నలుగురిని పిలిచేసరికి నాలుగు ఇళ్లలోనూ ఉప్మా తినాల్సొచ్చింది, తినకపోతే ఫీలవుతారు గనక. మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నమయింది.

అత్త వెంట్రుకలు తెల్లబడ్డాయి. సింధూజ బొట్టు పెడితే కదలకుండా పెట్టించుకుంది, కార్డు మాత్రం ముట్టుకోలేదు.

"మీ నాయిన ఏడాదికోసారి మామిడికాయ తొక్కు పంపుతడు గని మనిషి రాడు. ఆయన గడప తొక్కితెనే నేను కార్డు వట్టుకుంట. ముందుగాల అన్నం తినుండ్రి."

కంచంలో అన్నం, ముద్దపప్పు, మామిడికాయ తొక్కు. సింధూజ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఈ ఉప్పు తనకు తెలుసు. ప్రతి ఎండాకాలం "ఎల్లమ్మక్క పంపింది" అని బాబాయి ఇంటికి తెచ్చే తొక్కులో ఉండే ఉప్పు ఇదే. సముద్రాన్ని ఎండబెట్టి కలిపినట్టుంటుంది. అలాంటి చెయ్యి జిల్లా మొత్తానికీ ఒక్కటే ఉంటుంది. బాబాయి వైపు చూసింది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

సింధూజ తండ్రికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"నాయినా, అత్తోళ్లింట్ల తొక్కు తింటున్న. మస్తు ఉప్పున్నది. అత్తకు చెప్పనా?"

"చెప్పకు బిడ్డా. తొమ్మిదేండ్ల సంది నేనే చెప్పలే. చెల్లె ఫీలైతది."

ఎల్లమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "నేనెప్పుడు పంపిన అన్నా? ఇది నువ్వు పంపిన తొక్కే గద. వదినె ఫీలైతదని నేనే నోరు మూసుకున్న."

"నేను పంపుడేంది? నువ్వు పంపినవని జవహరే తెచ్చిస్తడు గద," అన్నాడు సత్యనారాయణ.

"మరి డబ్బ ఖాళీగ వాపస్ ఇయ్యొద్దని నువ్వుల ముద్దలు వెట్టి పంపిన. అవ్వన్న చేరినయా?" అంది ఎల్లమ్మ మెల్లగా.

"చేరినయ్. అన్నీ నేనే తిన్న. ఖాళీ డబ్బల నేనేసి పంపిన బెల్లం?"

"చేరింది."

తర్వాత అన్నాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే అన్నారు, "అరేయ్ జవహరూ."

బాబాయి కంచం ముందు ముద్దాయిలా కూర్చున్నాడు. "ఆ యేడు కామెర్లు రాకుంటె కార్డు నేనే తెచ్చెటోణ్ణి. తప్పు నాదే గద. మీరిద్దరు ఫీలవుడు సూడలేక తొక్కు పెట్టుడు నేర్చుకుని, ఒకరి పేరు చెప్పి ఒకరికిచ్చిన. అబద్ధమాడిన అని ఇప్పుడు ఫీలైండ్రా?"

ఎల్లమ్మ తమ్ముడి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసి, పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకు వస్తున్న చెల్లె. కార్డు బల్ల మీదనే ఉండని. నా చేత్తోని ఇస్త," అన్నాడు సత్యనారాయణ.

సింధూజకు మొదటి పసుపు ఎల్లమ్మే పెట్టింది. పసుపుకు ముందు తలకు ఆముదం పెట్టి, బిగించి జడ కూడా వేసింది. ఫోటోల్లో పెళ్లికూతురి కళ్లు కొంచెం పైకి లాగినట్టుంటాయి.

పెళ్లి భోజనాల్లో తొక్కు జవహర్ బాబాయిది. జాడీ మోయడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది. పక్కపక్కనే కూర్చున్న అన్నాచెల్లెళ్ల ముందుకొచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఉప్పు సరిపోయిందా?"

సత్యనారాయణ ఎల్లమ్మను చూశాడు. ఎల్లమ్మ సత్యనారాయణను చూసింది.

"సరిగ్గ సరిపోయింది తమ్మీ. ఇంకింత వెయ్యి," అంది ఎల్లమ్మ, రెండో చేత్తో అన్న గ్లాసులో నీళ్లు నింపుతూ.