లినక్స్ వచ్చింది, రత్నమ్మగారి పాటలు పోయాయి

ఈ రోజు మధ్యాహ్నం మా తమ్ముడు ప్రకాష్ సల్మాబాద్ నుంచి వచ్చి నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేశాడు. కొత్త విండోస్ దానికి ఎక్కదట. నేను లోపలి గదిలో ప్రార్థనలో ఉన్నాను. మోకాళ్ల మీద ఉన్నప్పుడు నేనెవరితోనూ మాట్లాడను. ఆ సంగతి తెలిసీ వాడు తలుపు దగ్గర నుంచే అడిగాడు.

"అక్కా, రెండూ పెట్టడానికి ఇందులో చోటు చాలదు. పాతవన్నీ చెరిపేసి లినక్స్ ఒక్కటే ఎక్కించేస్తున్నా. నీకేమన్నా కావాలా?"

విన్నాను. ఆమెన్ అన్నాక చెబుదామనుకున్నాను. లేచి వచ్చేసరికి అంతా అయిపోయింది. మళ్లీ తెచ్చే దారులన్నీ వెతికాడు, రాలేదు.

పోయినవి రత్నమ్మగారి పాటలు. ఇక్కడి హమద్ టౌన్‌లో అరబ్బుల ఇంట్లో పని చేసుకుంటూ ఆవిడే కట్టి, మా ప్రార్థన సహవాసంలో పాడగా నేను రికార్డు చేసి అందులో దాచుకున్నవి. ఆవిడకు చదువు రాదు కాబట్టి ఎక్కడా రాసిలేవు. నిరుడు ప్రభువునందు నిద్రించారు.

"ఒక్క మాట అనుంటే ఆపేవాణ్ణి గదక్కా" అన్నాడు ప్రకాష్ తల దించుకుని. "వద్దనడానికే నువ్వు నోరు తెరుస్తావు. ఊరుకున్నావంటే సరేననేగా మనింట్లో లెక్క."

నిజమే. మధ్యలో ఒక్క మాట మాట్లాడితే దేవుడేమీ అనుకునేవాడు కాదు.

ల్యాప్‌టాప్ ఇప్పుడు చిటికెలో తెరుచుకుంటోంది. తెరిచి వినడానికే ఏమీ లేదు.

మీలో ఎవరి ఫోనులోనైనా రత్నమ్మగారి పాట ఉంటే, ఒక్క చరణమైనా సరే, పంపండి. ఈసారి వెంటనే జవాబిస్తాను.