మట్టి కూడా తినని స్టిక్కర్లు

విదేశీ సరుకుకు దేశం తలుపులు తెరిచిందని పేపర్లు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాయి గానీ, ఆ సంగతి మెదక్‌లో మాకు తెలిసింది మా ఆయన పండ్ల దుకాణంలో విదేశీ ఆపిల్స్ దిగినప్పుడే. ఒక్కో పండు మీద గోరంత స్టిక్కరు. ఆయన వాటిని పసిపిల్లల్లా ఎత్తుకుని, స్టిక్కరు రోడ్డు వైపు కనబడేలా పేర్చేవారు. మా పెళ్లి ఫోటోకు కూడా అంత శ్రద్ధగా దుమ్ము దులిపిన గుర్తు లేదు.

కుళ్లిన పండ్లు మాత్రం దేశభేదం లేకుండా మా ఇంటి వెనక ఎరువు గుంతలోకి చేరేవి. ఒకరోజు అత్తమ్మ వంకాయ మొక్కలకు ఆ ఎరువు వేస్తూ మా ఇద్దరినీ పిలిచింది. పండు కుళ్లింది, తొక్క కుళ్లింది, అట్టపెట్టె సైతం కుళ్లింది. స్టిక్కర్లు మాత్రం నిన్న అంటించినట్టు మెరుస్తున్నాయి.

"గిదేంది కొడుకా, మన్ను కూడా తింటలేదు దీన్ని," అన్నది.

"క్వాలిటీ అమ్మా. ఫారిన్ మాల్ గట్లనే ఉంటది," అన్నారు మా ఆయన గర్వంగా.

ఆ క్వాలిటీ త్వరలోనే జామకాయలకూ పాకింది. శంకరంపేట నుంచి ఒక రైతు రోజూ పొద్దున్నే గంపలో ఆకులు పరిచి కాయలు తెచ్చేవాడు. మా ఆయన ఆ ఆకులు పారేసి, కాయలను థర్మాకోల్ పళ్లేల్లో పెట్టి, పైన ప్లాస్టిక్ చుట్టి, హైదరాబాద్‌లో అచ్చు వేయించిన 'ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ' స్టిక్కర్లు అంటించేవారు. దుకాణం గడప దాటకుండానే జామకాయ ఎగుమతి అయిపోయేది.

ఒక సాయంత్రం ఆయన సరుకు కోసం వెళ్తే, బడిలో పాఠాలు చెప్పి వచ్చి నేనే దుకాణంలో కూర్చున్నాను. ఆ రైతు వచ్చాడు.

"చెల్లె, మా ఇంటామె దవాఖానల ఉన్నది. జర మంచి జామకాయలియ్యి. గా స్టిక్కర్ ఏసినయి."

"నీ తోటల లేవా అన్నా?"

"మా కాయ రోజూ తినేదే గద. బీమారుల పడ్డది, జర మంచియి తిననీ అని."

పళ్లెం అందించబోయి ఆగిపోయాను. "అన్నా, ఇవి నీ తోటవే. పొద్దుగాల నువ్వు దించిపోయినవే."

అతను కాయను తిప్పి చూశాడు. స్టిక్కరును గోటితో గీకితే తొక్క కూడా కొంచెం ఊడొచ్చింది. "ఆమె చూడంగనే గుర్తుపడుతుండె. దవాఖానల అందరి ముంగట నా ఇజ్జత్ పోతుండె," అని మా గంపలో స్టిక్కరు వేయకుండా మిగిలిన మామూలు కాయలు తీసుకుని వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో చెప్తే మా ఆయన దాన్ని బ్రాండింగ్ విజయంగా లెక్కేసుకున్నారు. అత్తమ్మ మాత్రం, "ఊరు పేరు చెప్పనీకె కాయితం సాలదా?" అని పనిలోకి దిగింది. నేను 'శంకరంపేట జామ' అని రబ్బరు స్టాంపు చేయించాను. పల్చటి కాగితం ముక్కల మీద గుద్ది, గంజితో అంటించాం. గంజికి చీమలు పట్టాయి. కొన్నవాళ్లు, "ఇదేంది టీచరమ్మా, కాయలకు హాల్ టికెటా?" అని అడిగారు. మా ప్రయత్నం బెడిసికొట్టిందని మా ఆయన ఎంతో సంతోషించారు. అత్తమ్మ గంజి మానేసి చింతగింజల జిగురు ఉడికించింది. చీమలు తగ్గాయి. గుంతలో వేసిన కాగితాలు ఆ వానాకాలంలోనే ఆనవాలు లేకుండా పోయాయి. ఈ ఘనకార్యాన్ని గుర్తించిన కొనుగోలుదారు ఒక్కరూ లేరు.

అంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు, లారీలు, మా బడి అన్నీ బంద్. ఆపిల్స్ ఆగిపోయాయి. రైతు మాత్రం మోపెడ్ మీద జామకాయలు తెచ్చేవాడు. దుకాణం ఎదుటి దీక్షా శిబిరం నుంచి ఒకాయన వచ్చి, కాగితం ముక్క చదివి, "మన జామనా? గిట్ల రాయాలె, మనదని తెలవాలె," అన్నాడు. మర్నాటి నుంచి కాయలు నిలవలేదు. నిరాహార దీక్షలో కూర్చున్నవాళ్లు కూడా సాయంత్రానికని ముందే ఏరి పక్కన పెట్టించుకునేవారు. మా ఆయనకు ప్లాస్టిక్ మీద రాత్రికి రాత్రే విరక్తి కలిగింది.

సమ్మె ముగిసింది. ఆపిల్స్ వచ్చాయి, విరక్తి పోయింది, థర్మాకోల్ పళ్లేలు మళ్లీ దిగాయి. జామకాయలు మాత్రం రావడం మానేశాయి. కోలుకున్న ఆ రైతు భార్య చేగుంట రోడ్డు పక్కన గంప పెట్టుకుని, సొంతంగా చేయించుకున్న స్టాంపుతో కాగితాలు అంటించి అమ్ముకుంటున్నదని తెలిసింది. మా ఆయన బతిమాలడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లారు.

"పంపుతం అన్నా," అన్నదామె, కాయ తూచడం ఆపకుండా. "గని ప్లాస్టిక్ అంటిస్తె మల్ల పంపియ్య."

ఆయన ఒప్పుకున్నారు. ఇంటికొచ్చి, కాగితం లేబుల్ ఆలోచన మొదటి నుంచీ తనదేనని అత్తమ్మకే విడమరిచి చెప్పారు. ఆమె ఓపిగ్గా విని, గిన్నె చేతికిచ్చింది.

"మంచిది కొడుకా. జిగురు ఉడకబెట్టు."