చుక్క లేని కాగితం

ఊళ్ళో అందరూ అతన్ని బంకాయన అంటారు. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ బంక ఎండి ఉంటుంది. మాట తక్కువ.

బడి హాజరు పట్టీలు కుట్టేది కూడా అతనే. ఆ బడిది పాత పద్ధతి. విడి కాగితాల మీద పిల్లల పేర్లు ముందే రాసి పంపుతారు, కాగితానికి ఇరవై. ఏ సెక్షనో అట్ట మీద మాత్రమే ఉంటుంది. ఈసారి మూడో తరగతి కట్టలు రెండింట్లో ఒకటి విప్పగానే కూతురి పేరు కనపడింది. బి సెక్షను. గడియారం సార్ దగ్గర.

గడియారం సార్ ఎవరినీ కొట్టరు. జవాబు చెప్పని పిల్లల్ని గోడవైపు తిప్పి నిలబెట్టి, జేబు గడియారం మూత తెరిచి చూస్తూ కూర్చుంటారు. అంతే. పాతికేళ్ళ కిందట బంకాయన ఆ గోడను చూస్తూ నిలబడినవాడే. ఆనాడు గొంతులో దిగబడిన మాట ఇప్పటికీ సగమే పైకొస్తుంది. పాప నిరుడే క్లాసులో నోరు విప్పడం మొదలుపెట్టింది.

"హెడ్మాస్టరమ్మని అడిగి మార్పించరాదూ?" అంది భార్య.

"అడగా... అడగాలంటే..."

"బంక నోటికి కూడా పూసుకున్నావా ఏంటి? పోనీ, నే వెళ్తాలే."

"వద్దు. నే చూసుకుంటా."

చూసుకున్నాడు. పాప పేరున్న కాగితాన్ని ఎ కట్టలో పెట్టి, అందులోది ఒకటి తీసి బి కట్టలో పెట్టాడు. దాని మీది ఇరవై పేర్లు చదవలేదు. చదివితే చెయ్యి సాగదు. సూది దిగింది, దారం బిగిసింది.

బడి తెరిచిన రోజు పాప గంతులేస్తూ వచ్చింది. "నాన్నా, నేను ఎ సెక్షను! టీచరమ్మ నాచేత పాఠం పైకి చదివించింది!"

ఆ వారమంతా బంకాయన పని చేస్తూ కూనిరాగం తీశాడు.

ఎనిమిదో రోజు బడి వదిలాక, పాప ఇంకా రాకముందే, గడియారం సార్ కొట్లోకి వచ్చారు. చంకలో హాజరు పట్టీ.

"కుట్టు భలే కుదిరిందోయ్," అన్నారు నవ్వుతూ. పట్టీ తెరిచి వేలు పెట్టారు. "నా కాగితాలన్నిటికీ కింది మూలన ఎర్ర చుక్క పెట్టుకుంటాను. ఏళ్ళనాటి అలవాటు. దీనికి లేదు."

సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరు మార్చారని నేనడగను. నువ్వే చెబుతావు. నాకేం తొందర లేదు." జేబులోంచి గడియారం తీసి మూత తెరిచారు.

"సార్... అది... పాప..."

"ఊఁ?"

గడియారం చప్పుడు తప్ప కొట్లో ఇంకేమీ వినపడడం లేదు. గిన్నెలో బంక మీద పొర కడుతోంది.

"నాన్నా, గోడవైపు తిరిగి నిలబడ్డావేం?"

గుమ్మంలో పాప. భుజాన సంచి. ఎప్పుడు తిరిగాడో అతనికే తెలియదు.

మూత టప్పున మూసుకుంది.

"రేపటినుంచి నా క్లాసులో మొదటి బెంచీ నీదే తల్లీ," అన్నారు సార్, ఎంతో మెల్లగా. "ఏదీ, సరే అను."

పాప నాన్న వీపు వంక చూసింది. నోరు తెరిచింది.

మాట రాలేదు.