మేడమ్ ఎడమ చెయ్యి

మేడమ్ పోయారని కుప్పం నుంచి వాళ్ళ మరదలు ఫోన్ చేసింది. నేను పుంగనూరులో మా బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఆ గోలలో సరిగా వినపడక వరండాలోకి వచ్చాను. "నిద్దట్లోనే పోయింది టీచరమ్మా, ఏ బాధా పడలేదు" అంది. కాసేపు ఏడ్చింది. ముక్కు చీదుకొని మళ్ళీ అందుకుంది. "నాలుగు నెలలు మంచంలో ఉండాది గానీ, మా వదినను మేము ఏ పనీ ముట్టుకోనీలేదు. నీళ్ళ గ్లాసు గూడా మేమే నోటికి పెడతా వచ్చినాము. ఒక్క పూటన్నా ఆయమ్మ చెయ్యి అన్నంలో పడనీలేదు."

గర్వంగానే అంది. అందులో అబద్ధం ఏమీ లేదు. వీధిలో నలుగురూ ఆమెను మెచ్చుకొనే ఉంటారు. నేను కూడా "అవునమ్మా, బాగా చూసుకున్నారు" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఎక్కాలు చెప్పించే ఓపిక లేక పిల్లలను ఆటకు వదిలేశాను. అసహ్యం ఎందుకంటే, మేడమ్ ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగమంతా ఆ ఒక్కదాని కోసమే. మంచాన పడ్డవాళ్ళ చెయ్యి మళ్ళీ అన్నంలో పడాలి, అంతే.

ఆమె మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆ పేరు నోరు తిరగక మా వైపు వాళ్ళంతా చేతుల మేడమ్ అనేవాళ్ళు. పక్షవాతం వచ్చినవాళ్ళకు, యంత్రాల్లో వేళ్ళు నలిగినవాళ్ళకు, పళ్ళు తోముకోవడం, చీర కట్టుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, కలుపుకొని తినడం నేర్పుతారు. మనం పని అని కూడా అనుకోని పనులు. ఎవరైనా వచ్చి డాక్టరు గారు ప్రాణం నిలబెట్టారని పొగుడుతుంటే ఈమె మధ్యలో అందుకొనేవారు. "నిలబెట్టినారు, సంతోషం. రేపు పొద్దున పళ్ళెవరు తోమాల?"

ఆమెను తలచుకొని మంచి మాటలు మాత్రమే రాయాలంటే నా వల్ల కాదు. మొదట్లో నాకు ఆమె అంటే ఒళ్ళు మంట.

నలభై రెండేళ్ళకే నాకు కుడిపక్క పడిపోయింది. బోర్డు మీద రాస్తుంటే చేతిలోంచి చాక్‌పీసు జారింది. తీసుకుందామని వంగినదాన్ని మళ్ళీ లేవలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక మా అత్త నన్ను చంటిపిల్లను చూసినట్టు చూసింది. స్నానం తనే చేయించేది, జడ తనే వేసేది, సంగటి వేలెడంత తునకలు చేసి నోట్లో పెట్టేది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఇలాంటి అత్త ఎవరికి దొరుకుతుందని కళ్ళు ఒత్తుకొని వెళ్ళేవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. మూడు నెలలకు నా చెయ్యి కట్టెలా అయింది. అప్పుడు ఎవరో చెబితే మా ఆయన మదనపల్లె తీసుకెళ్ళాడు.

ఎక్స్‌రే గది దాటాక, వరండా చివర మేడమ్ గది. లోపల ఒక్క యంత్రం కూడా లేదు. కుక్కరు మూత, బకెట్టు, తాళంకప్పలు, పాత చీర ఒకటి, గుండీలున్న చొక్కాలు, ఒక బుట్టలో టమాటాలు. మా ఆయన గొంతు తగ్గించి "ఇదేమి ఆసుపత్రి, వంటిల్లు మాదిరి ఉండాది" అన్నాడు. ఆమెకు వినపడింది. "ఈడ నుంచి ఇంటికే గదప్పా పోవాల్సింది" అన్నారు. తరువాత నా వైపు తిరిగి నొప్పి ఎక్కడ అని అడగలేదు. "టీచరమ్మా, పొద్దున లేస్తానే నువ్వు ఏమేమి చేస్తాండావో చెప్పు" అన్నారు. నేను అన్నీ చెప్పాను, లేవడం, మొహం కడగడం, కాఫీ, స్నానం. "ఇవన్నీ మీయత్త చేస్తాండాది గదా. నువ్వు చేసేది అడుగుతాండాను." నాకు ఏడుపొచ్చింది. ఆమె ఊరుకోమనలేదు, ఓదార్చలేదు, జవాబు కోసం కూర్చున్నారు.

మరుసటి రోజు సంగటి, అందులోకి ఊరుబిండి పచ్చడి తెమ్మన్నారు. అన్నం జారిపోతుందని, సంగటి అయితే వేళ్ళ మధ్య నిలుస్తుందని ఆమె లెక్క. పళ్ళెం నా ముందు పెట్టి, "కుడి చెయ్యి నిద్రపోతాండాది, అది లేచేదాకా ఎడమ చేత్తో తిను" అన్నారు. మా అత్తకు కోపం నషాళానికి ఎక్కింది. "ఎడమ చేత్తో అన్నం తింటారా ఎవురన్నా? మేమేమి మనుషులం గాదా? నేను పెడతా" అని ముందుకు దూకింది. ఆ చెయ్యి దేనికి వాడతామో అందరికీ తెలిసిందే కదా. మేడమ్ మా అత్త మణికట్టు పట్టుకొని బల్ల మీద కూర్చోబెట్టారు. "అమ్మా, నీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చో. కోడలు తినేదాకా తీయొద్దు."

ఆ గదిలో పద్ధతి అదే. వైద్యం రోగికి మాత్రమే కాదు, వెంట వచ్చినవాళ్ళకు కూడా. చేతులు కింద పెట్టుకొని, వాటి మీద బరువు వేసి కూర్చోవాలి. నోటితో చెప్పేది మొదటి రోజు ఒక్కసారే. తరువాత ఎవరి చెయ్యి ఆగలేక లేచినా మేడమ్ బల్ల మీద అరచేత్తో రెండుసార్లు తట్టేవారు. మొగుళ్ళు, కొడుకులు, తల్లులు గబుక్కున చేతులు కిందికి తోసుకొనేవాళ్ళు.

నేను ఆ పూట ముద్దలో సగం తినడానికి ముప్పావు గంట పట్టింది. ఒళ్ళంతా ఊరుబిండి. మా అత్త చేతుల మీద కూర్చొని, కన్నీళ్ళు తుడుచుకొనే వీలు లేక, అలాగే కారుస్తూ మేడమ్‌ను తిట్టింది. "నీకు పెళ్ళాం పిల్లలుంటే తెలిసేది" అని కూడా అనేసింది కోపంలో ఏం అంటోందో తెలియక. మేడమ్ పెళ్ళి చేసుకోలేదు. ఆమె నవ్వి, "తొందర నీది, చెయ్యి ఆమెది. కాసేపు గమ్మునుండమ్మా" అన్నారు. తరువాత తన క్యారియర్ తెరిచి, మా ఎదురుగా, ఎడమ చేత్తో భోజనం చేశారు. అది నాకోసం ఆ ఒక్కరోజు వేసిన వేషం అనుకున్నాను. కాదు. ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ ఆమె మధ్యాహ్నం భోజనం ఎడమ చేత్తోనే. సిగ్గుపడేవాళ్ళకు తోడుగా ఉంటుందని. నర్సులు ఆమె పక్కన కూర్చొని తినేవాళ్ళు కాదు.

రెండు వారాలకోసారి పుంగనూరు వచ్చి రోగుల ఇళ్ళు చూసేవారు. మా వీధి చివర ఒక టైలరు ఉండేవాడు, ముసలి సాయిబు. పక్షవాతం వచ్చాక అతని కొడుకులు మిషన్ తీసి అటక మీద పెట్టేశారు. "అబ్బాకు యాల మేడమ్ ఇంక కష్టం? మేము ముగ్గురం ఉండాము గదా" అన్నారు. మేడమ్ ఆ మిషన్ కిందికి దించేదాకా వాళ్ళింట్లో టీ ముట్టలేదు. సూదిలో దారం ఎక్కించబోయిన కొడుకులను చూసి అక్కడా బల్ల మీద రెండుసార్లు తట్టారు. సాయిబు చివరిదాకా వంకర కుట్లే వేశాడు. ఆ వంకర కుట్ల జాకెట్టు ఒకటి మేడమ్ తొడుక్కొని తిరగడం నేను చూశాను.

ఏడు నెలలకు నా కుడి చెయ్యి చాక్‌పీసు పట్టింది. మా ఇంట్లోవాళ్ళు దేవుడికి మొక్కు తీర్చారు. డాక్టరుకు శాలువా కప్పారు. మధ్యలో పసరు పోసిన నాటువైద్యుడికి పంచెలు పెట్టారు. మేడమ్‌కు మా ఇంటి నుంచి వెళ్ళింది ఒక బుట్ట టమాటాలు, అదీ కొనేవాడు లేక జనం రోడ్ల మీద పారబోస్తున్న రోజుల్లో. మా అత్త స్వయంగా ఇచ్చి వచ్చింది. మేడమ్ సంతోషంగా తీసుకొని, అందులో బాగా పండినవి ఏరి పక్కన పెట్టారట. పగలకుండా పట్టుకోవడం నేర్పడానికి పండినవే పనికొస్తాయని.

ఆమె రిటైరయ్యాక ఆ ఉద్యోగంలో ఎవరినీ వేయలేదు. ఆ గదిలో ఇప్పుడు విరిగిన మంచాలు పేర్చారు. ఈమధ్య పనిమీద వెళ్ళి తొంగి చూశాను. కుక్కరు మూత ఇంకా గోడకే వేలాడుతోంది. అది ఎందుకు ఉందో చెప్పగలిగిన మనిషి ఆ ఆసుపత్రిలో ఒక్కరూ లేరు.

అటువంటి మేడమ్‌కే మొన్న పక్షవాతం వచ్చింది. మదనపల్లెలో ఒక్కరే ఉండేవారు కదా, తమ్ముడు వచ్చి కుప్పం తీసుకెళ్ళాడు. కుడిపక్క పోయింది, మాట కూడా పోయింది. చూసి రావాలి, చూసి రావాలి అనుకుంటూనే నేను నాలుగు నెలలు గడిపాను. పరీక్షలు, పెళ్ళిళ్ళు, ఎండలు. సాకులకు కొదవా? చివరికి ఒక ఆదివారం వెళ్ళాను.

ఇల్లు శుభ్రంగా ఉంది. మేడమ్ కూడా శుభ్రంగా ఉన్నారు, తల దువ్వి, బొట్టు పెట్టి, ఉతికిన నైటీ తొడిగారు. వాళ్ళు చూపించని డాక్టరు లేడు. నన్ను చూసి ఆమె కళ్ళు మెరిశాయి. భోజనం వేళయింది. మరదలు గిన్నెలో సంగటి పలుచగా పప్పులో కలిపి తెచ్చింది. మేడమ్ ఎడమ చెయ్యి వెంటనే గిన్నె మీదికి వచ్చింది. మరదలు గిన్నె దూరంగా జరిపింది. "సూడు టీచరమ్మా, దినామూ ఇదే యవ్వారం. మతి పోయింది పాపం, ఎడమ చేత్తో అన్నం కలబెడతాది. ఎంత సదువుకున్య మనిషి! నలుగురు సూస్తే ఏమనుకుంటారు?" అని, గిన్నె, చెమ్చా నా చేతికిచ్చింది. "మీరు పెడితే తింటాదేమో. మేము పెడితే తోసేస్తాండాది."

మతి పోలేదని నాకు తెలుసు. ఆ గదిలో ఆ చేత్తోనే తిని బతికినదాన్ని. "పళ్ళెం ఆమె ముందర పెట్టు తల్లీ" అని ఒక్క మాట అంటే సరిపోయేది. వాళ్ళిల్లు, వాళ్ళ మనిషి, ఇన్నాళ్ళూ చేస్తున్నది వాళ్ళు, ఒక పూట చూడ్డానికి వచ్చి పెత్తనం చేస్తే బాగుండదనుకున్నాను. చెమ్చా అందుకున్నాను. మేడమ్ నా మొహం చూశారు. తరువాత ఎడమ అరచేత్తో పరుపు మీద రెండుసార్లు తట్టారు.

దగ్గరికి వచ్చి కూర్చోమంటున్నారు అనుకున్నాను. అభిమానంతో పిలుస్తున్నారని గుండె నిండిపోయింది. దగ్గరగా జరిగి, చెమ్చా నోటికి పెట్టాను. ఆమె మళ్ళీ తట్టారు, రెండుసార్లు. నేను ఇంకా దగ్గరికి జరిగాను. ఇక తట్టలేదు. నోరు తెరిచారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను పెట్టింది పెట్టినట్టు తిన్నారు. "మీరు పెడితే ఎట్ల తినిందో సూడు" అని మరదలు మురిసిపోయింది. నేనూ మురిశాను.

తిరుగు బస్సు వి.కోట దాటి పలమనేరు వైపు పోతుండగా, ముందు సీట్లో ఒకామె ఖాళీ అయిన పక్క చోటును తట్టి ఎవరినో కూర్చోమంది. అప్పుడు వెలిగింది నాకు. మేడమ్ తట్టింది రమ్మని కాదు. నా చేతులు తీసి కింద పెట్టుకోమని. మా అత్తను, నా మొగుణ్ణి, సాయిబు కొడుకులను అదుపులో పెట్టిన ఆ తట్టడమే మాట పోయాక ఆమెకు మిగిలిన ఒకే ఒక్క మాట. దాన్ని అర్థం చేసుకోగలిగిన మనిషి ఆ ఇంట్లోకి మొదటిసారి వచ్చిందని ఆమె కళ్ళు మెరిశాయి. ఆ మనిషి చెమ్చాతో మీద పడింది. బస్సు దిగి వెనక్కి వెళ్ళవచ్చు, దిగలేదు. వచ్చే ఆదివారం వెళ్ళి అంతా చెబుదాం, మరదలికి నేర్పుదాం అనుకున్నాను. గురువారం ఫోన్ వచ్చింది.

మా అత్త ఇప్పుడు లేదు. చేతుల మీద కూర్చోవడం నేర్చుకున్న మనిషి, ఉంటే నన్ను ఏమని తిట్టేదో నాకు తెలుసు. మరదలిని నేను తప్పు పట్టను. ఆమెకు తెలియదు. తెలిసినదాన్ని నేను.

దినం రోజున కుప్పం వెళ్ళాను. మిద్దె పిట్టగోడ మీద ఆకు వేసి, మేడమ్‌కు ఇష్టమని సంగటి, పప్పు, ఊరుబిండి పెట్టారు. అందరం కాకి కోసం ఎదురు చూశాం. చాలాసేపటికి ఒకటి వచ్చి నీళ్ళ ట్యాంకు మీద వాలింది, దిగింది, కాస్త దూరంలో ఆగింది. మరదలు ఆగలేక, ఆకు దానికి దగ్గరగా జరుపుదామని చెయ్యి చాపింది. వాళ్ళ బంధువుల్లో ఒక పెద్దాయన గదమాయించాడు. "ముట్టుకోగాకమ్మా! అందరూ యనక్కి రాండి. దానికి చేతనయినట్ల అదే తింటాది."

అందరం వెనక్కి జరిగాం. మరదలు చేతులు వెనక్కి కట్టుకుంది, తమ్ముడూ కట్టుకున్నాడు. నా చేతులు రెండూ నేను గట్టిగా పట్టుకొని నిలబడ్డాను. కాకి ఆకు దగ్గరికి గెంతింది. సంగటి తునక ఒకటి ముక్కుతో తుంచి జారవిడుచుకుంది, మళ్ళీ కరుచుకుంది, గోడంతా పప్పు పులిమింది. ఎవరూ తొందరపెట్టలేదు.